ఆరు ప్యాకెట్ల బాలామృతం

తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ళ వయసు వరకు ఉన్న పిల్లలకు అంగన్‌వాడీ కేంద్రాల్లో నెలకు రెండున్నర కిలోల చొప్పున ఉచితంగా ఇచ్చే బాలామృతం పిండిని మా పాపకు ఏడో నెలలో మొదలుపెట్టి తొలి పుట్టినరోజు దాకా వాడాము. ఆ ఆరు నెలల్లో మాకు ఆరు ప్యాకెట్లు, అంటే పదిహేను కిలోల పిండి అందింది. అందులో పాప తిన్నది సుమారు ఆరు కిలోలు మాత్రమే. మిగిలింది ఏమైందో, అంత మిగిలినా నేను ఎందుకు బెంగపడలేదో ముందుముందు చెబుతాను. ఈ పిండి గురించి మా ఇంట్లోనూ ఇరుగుపొరుగునా రెండు మాటలే వినిపించేవి. "అది లేనివాళ్ళకు ఇచ్చేది, మనకెందుకు" అన్నది ఒకటి. "గవర్నమెంటు పిండి మంచి బలం, ఎంత తింటే అంత మంచిది" అన్నది రెండోది. వాడి చూశాక రెండింటితోనూ నేను ఏకీభవించలేకపోతున్నాను.

మేము ఉప్పల్‌లో ఉంటాము. ఈ పిండి తయారయ్యే తెలంగాణ ఫుడ్స్ కర్మాగారం ఉన్న నాచారం మా ఇంటికి నాలుగైదు కిలోమీటర్ల దూరమే అయినా, పాప పుట్టేదాకా బాలామృతం అనే పేరు గోడ మీద రాత రూపంలో తప్ప నాకు తెలియదు. ఆగస్టు చివర్లో భువనగిరిలోని పుట్టింట్లో పురుడు పోసుకుని, మూడో నెలలో హైదరాబాదుకు తిరిగివచ్చాను. చట్టప్రకారం వచ్చిన 26 వారాల ప్రసూతి సెలవులో రెండు వారాలు కాన్పుకు ముందే ఖర్చయ్యాయి కాబట్టి, పాపకు ఐదున్నర నెలలు నిండేసరికి నేను మళ్ళీ ఆఫీసుకు వెళ్ళవలసి వచ్చింది. ఆరు నెలలు నిండడానికి మిగిలిన రెండు వారాలూ నేను ముందే తీసి ఉంచిన నా పాలను అత్తమ్మ ఉగ్గుగిన్నెతో తాగించారు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దని నేను పట్టుబట్టడం ఇంట్లో చిన్నపాటి యుద్ధానికే దారితీసింది, ఎందుకంటే ఆడపిల్లకు బేసి నెలలో అన్నప్రాశన చేయాలి కాబట్టి అయిదో నెలలోనే ముహూర్తం పెట్టాలని మా వాళ్ళ వాదన. ఆరు నెలలు నిండితే నడిచేది ఏడో నెలే కదా, అదీ బేసి నెలే కదా అని అమ్మ లెక్క చెప్పడంతో గొడవ సద్దుమణిగి, మార్చి మొదటి వారంలో యాదగిరిగుట్టలో అన్నప్రాశన జరిగింది.

ఆ తర్వాత అసలు ప్రశ్న మొదలైంది: రేపటి నుంచి ఏమి పెట్టాలి? పేరు అనవసరమైన ఒక పిల్లల ఆసుపత్రి కింద ఉన్న మందుల దుకాణంలో, మేము అడగకుండానే, మూడు వందల గ్రాముల పిల్లల ఆహారపు డబ్బా ఒకటి మా చీటీలోని మందులతో కలిపి ముందు పెట్టారు. అందరూ ఇదే తీసుకుంటారని, ఇంట్లో చేసే ఉగ్గులో ఏమీ ఉండదని కూడా అన్నారు. రెండేళ్ళలోపు పిల్లల ఆహారానికి ఇలా ప్రచారం చేయకూడదని 1992లో వచ్చి 2003లో సవరణ పొందిన చట్టం చెబుతుంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు కాబట్టి డబ్బా కొన్నాను. పాప దాన్ని ఇష్టంగానే తిన్నది, కానీ డబ్బా ఎనిమిది రోజుల్లో అడుగంటింది. నెలకు ఎన్ని డబ్బాలవుతాయో వేలు మడిచి లెక్కపెట్టిన అత్తమ్మ, మరుసటి రోజు ఉదయం పాపను చంకనేసుకుని మా వీధి చివరి అంగన్‌వాడీకి వెళ్ళి పేరు రాయించి వచ్చారు.

ఇక పిండి సంగతి. ప్యాకెట్ విప్పగానే వేయించిన గోధుమపిండి వాసన వస్తుంది. మా ఇంట్లో పెద్దలకు అది సున్నుండల పిండిని గుర్తుచేసింది. రంగు లేత గోధుమ, చేతిలోకి తీసుకుంటే కొంచెం జిడ్డుగా తగులుతుంది, ఎందుకంటే నూనె అందులోనే కలిసి ఉంటుంది. దీని పాళ్ళుగా చాలాకాలంగా చెబుతూ వస్తున్న లెక్క ప్రకారం నూరు గ్రాముల్లో గోధుమ 55 గ్రాములు, శనగపప్పు 5, పాలపొడి 10, చక్కెర 20, నూనె 10 గ్రాములు. దీనికి ఇనుము, కాల్షియం, విటమిన్లు జోడిస్తారు. నూరు గ్రాములకు సుమారు 414 కిలోక్యాలరీల శక్తి, 11 గ్రాముల ప్రోటీన్ వస్తాయి. గోధుమ, శనగపప్పు ముందే వేగి ఉంటాయి కాబట్టి గంటలకొద్దీ ఉడికించే పని లేదు. పాలపొడి ఉంది కాబట్టి పాలలోనే కలపాలన్న నియమమూ లేదు. పొద్దున్నే ఎనిమిది గంటలకు బస్సు పట్టుకోవలసిన తల్లికి ఈ రెండు సంగతులూ చాలా పెద్దవి.

కలపడంలో మాత్రం ఒక మెళకువ ఉంది, అది తెలియక మొదటి మూడు రోజులు ఇబ్బందిపడ్డాను. మరిగే నీళ్ళలో పిండి వేస్తే అది వెంటనే ఉండలు కడుతుంది, ఎంత గిలకొట్టినా లోపల పొడిపిండి మిగిలిపోతుంది. ముందు పిండిని సన్నటి జల్లెడతో జల్లించుకుని, కాచి చల్లార్చిన నీళ్ళతో పలచగా కలిపి, ఆ తర్వాత సన్న సెగ మీద పెట్టి మూడు నాలుగు నిమిషాలు గరిటె తిప్పుతూ ఉంటే నున్నగా దగ్గరపడుతుంది. దించాక ఇంకా చిక్కబడుతుంది కాబట్టి మనకు కావలసినదానికంటే కొంచెం జారుగా ఉండగానే దించాలి. చెంచాను ఒరగ్గా పట్టుకుంటే జావ వెంటనే జారిపోకుండా కాస్త నిలవాలి, అదే కొలత.

ఎంత చిక్కగా ఉండాలన్న విషయం దగ్గర నేను మొదట తప్పు చేశాను. పాప గొంతుకు అడ్డం పడుతుందేమోనని భయపడి, పాలసీసాలో పోయగలిగినంత పలచగా చేసి తాగించాను. రెండోసారి బరువు చూపించడానికి వెళ్ళినప్పుడు సంచిలో సీసా చూసిన అంగన్‌వాడీ టీచర్, "గట్ల సీసల పోసి తాగియ్యకు బిడ్డా. నీళ్ళతోని కడుపు నిండుతది గాని బలం రాదు. గిన్నెల పెట్టి చెంచతోని తినిపియ్యి, ఉమ్మేసినా మల్ల పెట్టు" అన్నారు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో పాలసీసా అటక ఎక్కింది. పిండిలో పోషకాలు ఎన్ని ఉన్నా, ఎసట్లో నీళ్ళు పెరిగేకొద్దీ బుల్లి పొట్టలో పట్టే పోషకం తగ్గుతుంది; సీసాను శుభ్రంగా ఉంచడం కష్టం కాబట్టి విరేచనాల భయమూ ఉంటుంది. జావను నీళ్ళు పోయకుండానే మెత్తగా చేయడానికి అత్తమ్మ తన దగ్గరున్న ఉపాయం వాడారు. మొలకెత్తించి ఎండబెట్టి దంచిన రాగిపిండి అర చెంచా గోరువెచ్చని జావలో కలిపి కాసేపు తిప్పితే, చిక్కటి జావ కళ్ళముందే వదులవుతుంది. మొలకల్లో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టడం వల్ల ఇలా జరుగుతుందట. అత్తమ్మకు ఆ కారణంతో పనిలేదు, "మా అమ్మ గట్లనే చేసేది" అన్నదే ఆమెకు చాలు.

ఇప్పుడు చక్కెర. ఈ పిండిలో నాకు బొత్తిగా నచ్చని సంగతి ఇదే. నూరు గ్రాములకు ఇరవై గ్రాములంటే నాలుగు చిన్న చెంచాలు. ఆరు నెలల నుంచి రెండేళ్ళలోపు పిల్లలకు చక్కెర ఎక్కువగా ఉండే ఆహారం పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. చక్కెర ఎందుకు కలుపుతారో ఊహించలేని విషయం కాదు: పిల్లలు తింటారు, తక్కువ పరిమాణంలో ఎక్కువ శక్తి అందుతుంది. ఒంట్లో కండ లేని పిల్లలున్న ఇంట్లో ఆ వాదనకు బలం ఉంది. కానీ మొదటి రుచులు పడుతున్న వయసులో ప్రతి ముద్దా తియ్యగా ఉంటే ఆ తర్వాతి కథ ఎలా ఉంటుందో మేము చూశాము. రెండో వారం నుంచి మా పాప పప్పన్నం చూస్తే మూతి తిప్పేసుకుని, బాలామృతం గిన్నె చప్పుడు వింటే చాలు పక్షిపిల్లలా నోరు తెరిచేది. దానికి మేము కనుక్కున్న విరుగుడు రెండు భాగాలు. పిండిని రోజుకు ఒక్క పూటకే, అదీ ఉదయం పూటకే పరిమితం చేశాము. ఆ పూట కూడా బాలామృతం రెండు వంతులు, ఇంట్లో పట్టించిన ఉగ్గుపిండి ఒక వంతు కలిపి వండడం మొదలుపెట్టాము. పది రోజుల్లో పప్పన్నంతో రాజీ కుదిరింది.

ఇక్కడే పరిమాణం లెక్క వస్తుంది, ఈ సమీక్షలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది కూడా ఇదే. నెలకు రెండున్నర కిలోలంటే ఇరవై అయిదు రోజులకు రోజుకు నూరు గ్రాములు. తల్లిపాలు తాగుతున్న బిడ్డకు పై ఆహారం నుంచి రోజుకు కావలసిన శక్తి ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య సుమారు 200 కిలోక్యాలరీలు, తొమ్మిది నుంచి పదకొండు నెలల మధ్య 300, ఏడాది దాటాక 550 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నూరు గ్రాముల బాలామృతంలో 414 ఉన్నాయి. అంటే ఏడో నెల పిల్ల ప్యాకెట్ ఖాళీ చేసేటట్టు తింటే, పప్పన్నానికీ గుడ్డుకూ అరటిపండుకూ పొట్టలో చోటు మిగలదు, తల్లిపాలు కూడా తగ్గిపోతాయి. ఒకే కొలత ప్యాకెట్ ఏడు నెలల పసిదానికీ, వీధిలో పరుగులు తీసే రెండున్నరేళ్ళ పిల్లవాడికీ ఇవ్వడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఇచ్చిందంతా తినిపించడం తల్లి బాధ్యత అనుకుని, తినని పిల్లకు ముక్కు మూసి పోసే ఇళ్ళను నేను చూశాను. మా పాపకు మొదట్లో రోజుకు ఇరవై అయిదు గ్రాములు, పదో నెల దాటాక నలభై గ్రాములు సరిపోయాయి. గ్రాముల గురించి నేను మరీ గుచ్చి గుచ్చి అడిగితే టీచర్ నవ్వి, "ఎన్ని గ్రాములు తిన్నదని అడుగుతవెందుకు, ఎన్నిసార్లు నోరు తెరిచిందో చూడు" అన్నారు.

మొదటి వారంలో పాపకు మలబద్ధకం వచ్చిన మాట నిజం. అది పిండి వల్లనో, అప్పటిదాకా పాలు మాత్రమే ఎరిగిన పొట్ట కొత్త ఆహారానికి అలవాటు పడడం వల్లనో చెప్పలేను. తిన్న తర్వాత రెండు మూడు చెంచాల కాచి చల్లార్చిన నీళ్ళు తాగించడం, మధ్యాహ్నం బాగా మగ్గిన బొప్పాయి మెదిపి పెట్టడం మొదలుపెట్టాక సర్దుకుంది. గోధుమ, పాలు రెండూ ఇందులో ఉన్నాయి కాబట్టి, వాటిని ముందెప్పుడూ రుచి చూడని పిల్లకు మూడు రోజులు కొద్దికొద్దిగా పెట్టి చూడడం మంచిది.

ఉగ్గుతో పోల్చమని నన్ను చాలామంది అడిగారు. మా ఇంటి ఉగ్గు అంటే మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు, గుప్పెడు కందిపప్పు కడిగి, నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి, కొంచెం జీలకర్రతో రవ్వగా పట్టించినది. రుచిలో, వాసనలో, పిల్లకు ఇంటి తిండి అలవాటు చేయడంలో ఉగ్గుకే నా ఓటు. అయితే ఉగ్గు మెత్తగా ఉడకడానికి పావుగంట పడుతుంది, దానిలో ఇనుము ఆ వయసు అవసరానికి చాలదు. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు ఆరు నెలల తర్వాత తరిగిపోతాయి కనుక, జోడించిన ఇనుము ఉన్న పిండికి ఆ మేరకు విలువ ఉంది. ఏమైనా పిండినే నమ్ముకోకుండా, ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ సిరప్‌ను వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు చొప్పున వేశాము. మలం నల్లగా వస్తే కంగారుపడవద్దని ఆమె ముందే చెప్పకపోతే ఆ రాత్రే ఆసుపత్రికి పరిగెత్తేవాళ్ళం.

పిండితో పాటు మాకు దొరికిన మిగతా సేవ గురించి చెప్పకపోతే ఇది సగం సమీక్షే అవుతుంది. ఏడు నెలలు దాటిన పిల్లలకు నెలకు పదహారు గుడ్లు ఇస్తారు. మేము ఉడికించిన పచ్చసొనను పప్పన్నంలో మెదిపి పెట్టడంతో మొదలుపెట్టి, ఎనిమిదో నెల చివరికి మొత్తం గుడ్డుకు వచ్చాము. నా అంచనాలో గుడ్ల విలువ పిండి కంటే ఎక్కువ. వాటికంటే కూడా ఎక్కువ విలువైనది, ఎవరూ సంచిలో వేసి ఇవ్వనిది, ప్రతి నెలా తూచే బరువు. దూలానికి వేలాడే కాటా, దాని కొక్కేనికి తగిలించిన నీలం జోలె, అందులో కూర్చోబెట్టగానే పాప తీసే రాగం ఇప్పటికీ కళ్ళకు కడుతున్నాయి. ఏప్రిల్‌లో బరువు ఏడు కిలోల నాలుగు వందలని రాశారు, మేలో ఏడు కిలోల మూడు వందలకు తగ్గింది. నేను దిగులుపడుతుంటే అత్తమ్మే గమనించారు: ఏప్రిల్‌లో ఖాళీ జోలె వేలాడుతుండగానే ముల్లు మూడు వందల గ్రాముల దగ్గర ఉంది, ఎవరూ దాన్ని సున్నాకు తిప్పలేదు. అంటే అప్పటి అసలు బరువు ఏడు కిలోల వంద. ఆ రోజు నుంచి పాపను కూర్చోబెట్టేముందు ముల్లు వైపు చూడడం మా ఇంటి ఆచారమైంది. మీరూ చూసుకోండి.

జూన్‌లో మాత్రం బరువు నిజంగానే తగ్గింది. తొలకరి పడ్డాక పాపకు నాలుగు రోజులు విరేచనాలయ్యాయి. ఓఆర్ఎస్‌తో పాటు జింకు మాత్ర పద్నాలుగు రోజులు ఆపకుండా వేశాము. ఏడు కిలోల వంద చూపించిన కాటాను టీచర్ రెండుసార్లు సరిచూసి, గులాబీ రంగు చార్టులో చుక్క పెట్టి, గీత కిందికి వంగిన చోట వేలు ఆనించి, మరుసటి నెల దాకా ఆగకుండా పదిహేను రోజులకే మళ్ళీ రమ్మన్నారు. ఆ పదిహేను రోజులూ రోజుకు ఒక పూట ఎక్కువ తినిపించమని, జావలో అర చెంచా నెయ్యి వేయమని చెప్పారు. ఇక్కడ బాలామృతం తన పని బాగా చేసిందని ఒప్పుకోవాలి. నీరసంగా ఉన్న పిల్ల పప్పన్నాన్ని ముట్టని రోజుల్లో నేను తిట్టుకున్న ఆ తీపే ఆమె నోరు తెరిపించింది. జూలైలో బరువు ఏడున్నర కిలోలకు చేరింది, పుట్టినరోజు ముందు రోజు ఎనిమిది కిలోల రెండు వందలు. రెండు కిలోల ఏడు వందలతో పుట్టిన పిల్లకు అది మూడింతల పైచిలుకు.

సేవలో లోపాలు లేవని కాదు. ప్యాకెట్ ఏ తేదీన వస్తుందో ముందుగా తెలియదు. ఒక నెల మూడుసార్లు తిరిగాము. భువనగిరిలో గర్భిణిగా నమోదైన నా పేరును ఉప్పల్‌కు మార్చడానికి నెల పట్టింది, ఆ నెల పిండిని టీచర్ తన పూచీ మీద ఇచ్చారు. ఫోను యాప్‌లో తల్లి ముఖం ఫోటో సరిపోలితేనే పిండి ఇవ్వాలన్న నియమం వచ్చాక, ఉద్యోగం చేసే తల్లి అరపూట సెలవు పెట్టి రావలసి వస్తున్నది. నెట్‌వర్క్ లేకపోతే ఆ అరపూట కూడా వృథా. ఒకే గదిలో పాతికమంది పిల్లలకు అక్షరాలు చెబుతూ, బరువులు తూస్తూ, ఫోనులో వివరాలు ఎక్కిస్తూ ఉండే టీచరును చూస్తే ఫిర్యాదు నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

మిగిలిన పిండి సంగతి చెబుతానన్నాను కదా. కొంత మా వారు, అత్తమ్మ లడ్డూలుగా తిన్నారు, కొంత మా పనిమనిషి రెండేళ్ళ మనవడికి వెళ్ళింది, ఒక ప్యాకెట్ నా నిర్లక్ష్యం వల్ల పాడైంది. జూలై వానల్లో ప్యాకెట్ మూతి రబ్బరు బ్యాండుతో కట్టి గట్టు మీద వదిలేస్తే, రెండు వారాలకే నూనె కనరు వాసన పట్టింది. విప్పిన రోజే తడిలేని స్టీలు డబ్బాలోకి మార్చి, పొడి చెంచాతో తీసుకుంటూ ఉంటే నెలంతా బాగుంటుంది.

మార్కులు వేయమంటే పిండికి అయిదుకు మూడున్నర వేస్తాను, ఆ తగ్గింపులో ఎక్కువ వాటా చక్కెరదే. గుడ్లు, బరువు, టీచర్ సలహా కలిపితే నాలుగున్నర. మీ వీధి చివర కేంద్రం ఉంటే, మీ ఆదాయం ఎంతైనా సరే, ఒకసారి వెళ్ళి పేరు రాయించండి. వెళ్ళేటప్పుడు చేసంచితో పాటు ఒక లోతైన స్టీలు గిన్నె తప్పనిసరిగా పట్టుకెళ్ళండి. గుడ్లు విడిగా చేతిలో పెడతారు. మొదటిసారి వాటిని పిండి ప్యాకెట్‌తో కలిపి సంచిలో వేసి ఆటో ఎక్కిన నాకు ఇంటికి చేరేసరికి పదహారింట్లో పన్నెండే మిగిలాయి.